మునిరత్నం గారి సిహింగ్

2021 ఆగస్టులో ఒక మంగళవారం, పొద్దున పదీ పదికి, మా గదిలో కరెంటు పోయింది. తిరువళ్లూరులో అది విశేషమేమీ కాదు. ఫ్యాను నిలిచిపోయింది, జనరేటర్ ఇంకా అందుకోలేదు. ఆ కాస్త నిశ్శబ్దంలో నా ఎదురుగా కూర్చున్న మునిరత్నం గారు "సిహింగ్" అన్నారు. పక్షవాతం వచ్చాక ఆయన నోటి నుంచి స్పష్టంగా వచ్చిన మొదటి మాట అదే.

నేను స్పీచ్ థెరపిస్టుని. తిరువళ్లూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. పిల్లల నత్తి, చెవుడు, పక్షవాతం తర్వాత మాట పోవడం, ఇవీ మా దగ్గరికి వచ్చేవి. చివరిదాన్ని అఫేసియా అంటాం. నాలుక బాగానే ఉంటుంది, గొంతు బాగానే ఉంటుంది, మనిషికి తెలివీ ఉంటుంది. చెప్పవలసింది తెలుస్తూనే ఉంటుంది, దానికి మాట దొరకదు. దీన్ని వివరించడానికి తాళం పడిన గది, తెగిన వంతెన అంటూ పుస్తకాల్లో పోలికలు రాస్తారు. నేను వాటిని రోగుల ఇంటివాళ్లకు చెప్పడం మానేశాను. మాట దొరకని మనిషికి పోలికతో పని లేదు.

మునిరత్నం గారిది తిరుత్తణి దారిలో ఉన్న కనకమ్మసత్రం అనే ఊరు. కూడలి దాటాక రోడ్డు మీదే మోటారు పంపుల దుకాణం, వెనక పొలం. అరవై దాటాయి. ఎడమవైపు మెదడులో రక్తం గడ్డ కట్టడంతో కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. ఆయన భార్య సరోజమ్మ వారానికి రెండుసార్లు కారులో తీసుకొచ్చేవారు.

"ఏం మాటండీ అది?" అని ఆమెను అడిగాను.

"వాళ్ళ క్లాసు మాట మేడం. కుంగ్ ఫూ క్లాసు. సిహింగంటే అన్న. వాళ్ళన్నని పిలస్తా ఉండాడు. నోరు తెరిచి భార్యని మాత్రం పిలవలా చూడండి" అన్నారామె కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ.

కనకమ్మసత్రంలో కుంగ్ ఫూ ఏమిటని నాకూ అనిపించింది. సరోజమ్మ చెప్పింది ఇది. మాణిక్యం అనే ఆయన మలేషియాలో ఇపో అనే ఊళ్లో పుట్టి పెరిగాడు. అక్కడి చైనావాళ్లలో ఎక్కువమంది మాట్లాడేది కాంటనీస్. ఆ భాష మాట్లాడే ఒక గురువు దగ్గర విద్య నేర్చుకుని, నడివయసులో తల్లి ఊరు తిరుత్తణికి వచ్చి స్థిరపడ్డాడు. మొదట తిరుత్తణిలో ఒక మిద్దె మీద, తర్వాత మునిరత్నం గారి దుకాణం వెనక షెడ్డులో ఏళ్ల తరబడి క్లాసు నడిపాడు. గురువును సిఫు అనాలి, గురువు భార్యను సిమో అనాలి. విద్యతో పాటు పిలుపులు కూడా ఇపో నుంచే వచ్చాయి. మాణిక్యం మాస్టర్ పోయి అప్పటికి ఏడేళ్లయింది.

మా వృత్తిలో ఆటోమేటిక్ స్పీచ్ అని ఒకటుంది. అంకెలు, వారాల పేర్లు, దేవుడి నామాలు, రోజూ అని అని అలవాటైపోయిన మాటలు, మిగతా భాష పోయినా ఇవి ఒక్కోసారి మిగులుతాయి. మునిరత్నం గారి చేత తెలుగులో అంకెలు చెప్పించబోతే మూడు దగ్గర ఆగిపోయేవారు. తమిళంలోనూ అంతే. క్లాసులో లెక్కపెట్టేవాళ్లని సరోజమ్మ గుర్తు చేస్తే "యాత్, యీ, సామ్" అని కాంటనీస్‌లో పది దాకా ఆగకుండా వెళ్లారు. సిహింగ్ అన్న మాట కూడా ఆ మిగిలిన వాటిలోదే అనుకున్నాను. కానీ ఆయన దాన్ని అలవాటుగా అనడం లేదు. నా మొహం చూసి, జవాబు కోసం ఆగి, మళ్లీ అనేవారు.

అన్నగారు గోవిందస్వామిని రమ్మన్నాం. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్ల పంచె, చేతిలో గొడుగు.

"ఒరే మునిరత్నం, వచ్చినాను రా. దినామూ పిలస్తా ఉండావంట. ఏం కావాల జెప్పు."

మునిరత్నం గారు ఆయన్ని చూసి, తల అడ్డంగా ఊపి, "సిహింగ్" అన్నారు.

"నేనే రా. యాడికి చూస్తా ఉండావు?" అని, పెద్దాయన నా వైపు తిరిగారు. "చిన్నప్పుడు పిలిస్తే పలికేవాడు కాదమ్మా. ఇప్పుడు పలికినా మొగం తిప్పుకుంటా ఉండాడు. ఏం జేసేది వీనితో?"

ఆ పూటా, తర్వాత వచ్చిన ప్రతి పూటా ఇదే జరిగింది. అన్న వచ్చి కూర్చుంటారు, తమ్ముడు గోడ వైపు తిరుగుతారు. పక్షవాతం తర్వాత కొందరికి భావాలు అదుపు తప్పుతాయి. అదే కారణం అనుకున్నాం.

దుకాణంలో గోడకు వేలాడే క్లాసు ఫోటో ఒకటి సరోజమ్మ తెచ్చారు. మధ్యలో కుర్చీలో మాణిక్యం మాస్టర్, చుట్టూ ఇరవై మంది దాకా శిష్యులు. మాటకు బొమ్మను చూపించమనడం మా పరీక్షల్లో ఒకటి.

"ఇందులో సిహింగ్ ఎవరు? చూపించండి."

ఆయన ఎడమచేతి వేలు గురువు పక్కనే నిలబడ్డ ఒక సన్నపాటి కుర్రవాడి మీద పెట్టారు.

"అయ్యో, అది దాసు" అన్నారు సరోజమ్మ. "కాలనీ దాసు. నీళ్ళ లారీ తోల్తాడు. ఈయనకన్నా పదైదేండ్లు చిన్నోడు మేడం."

మరోసారి అడిగాను. మళ్లీ దాసే. ప్రశ్న మార్చి, "సిహింగ్ మీకంటే చిన్నవాడా?" అన్నాను. అవునని తల ఊపారు. "అన్న మీకంటే చిన్నవాడు అవుతాడా?" అన్నాను. మళ్లీ అవునన్నారు. నా కాగితం మీద రెండు ఇంటూలు వేశాను. మాట రాకపోవడమే కాదు, అర్థం చేసుకోవడం కూడా దెబ్బతిన్నదని రాశాను.

దాంతో చికిత్స దారి మారింది. మాట పలికించడం పక్కన పెట్టి పెద్దా చిన్నా, ముందూ వెనకా, ఇలాంటి తేడాలు గుర్తుపట్టించే అభ్యాసాలు మొదలుపెట్టాను. పెద్ద గ్లాసు, చిన్న గ్లాసు. పెద్ద చెంచా, చిన్న చెంచా. ఆయన విసుక్కోకుండా అన్నీ సరిగ్గా చూపించేవారు. ఫోటో పెట్టి సిహింగ్ ఎవరంటే మాత్రం దాసునే చూపించేవారు. అఫేసియాలో తప్పు చేసే మనిషి ఒక్కోసారి ఒక్కోలా చేస్తాడు. ఆయన ప్రతిసారీ ఒకేలా చేశారు. ఆ తేడా మా విద్యలో మొదటి ఏడాది నేర్పేదే. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది.

అక్టోబరులో విమల వచ్చింది. తిరుత్తణిలో బట్టలు కుడుతుంది, నలభై లోపు వయసు, మాణిక్యం మాస్టర్ శిష్యురాలు. మునిరత్నం గారిని చూసి వెళ్దామని నేరుగా మా గదికే వచ్చింది. గుమ్మంలో నిలబడి కుడి పిడికిలి ఎడమ అరచేతికి ఆనించి, "సిహింగ్" అని తల వంచింది. ఆయన ఎడమ చెయ్యి లేచింది, కుడి చెయ్యి రాలేదు. ఆమె దగ్గరికి వెళ్లి తన పిడికిలి ఆయన అరచేతిలో పెట్టింది.

"నువ్వూ అదే మాట, ఆయనా అదే మాట" అన్నారు సరోజమ్మ. "వాళ్ళన్నని పిలస్తా ఉండాడే, ఆయనొస్తే చూడడు."

"ఎవురిని, పెద్దాయననా?" విమల నవ్వింది. "అక్కా, పెద్దాయన ఒక్క దినమన్నా క్లాసుకొచ్చి గుంజీలు తీసినాడా? ఆయనెట్లా సిహింగ్ అవుతాడు? ఈయనకి సిహింగంటే దాసు సిహింగే కదా."

"దాసు చిన్నోడు కదే."

"మా క్లాసులో వయసు యాడ లెక్క? ఎవురు ముందు చేరితే వాళ్ళు పెద్ద. దాసు సిహింగ్ తొమ్మిదేండ్లప్పుడు చేరినాడు. ఈయన నీ మెడలో తాళి కట్టినాక చేరినాడు. నాకొక సిదై ఉండాడు, అంటే తమ్ముడు, రిటైరైన పోస్టుమాన్. మనవరాలి పెండ్లి పత్రిక ఇస్తా 'సిజే, నువ్వు రాకుంటే కాదు' అన్నాడు. సిజే అంటే అక్క. మండపంలో అందరి ముందరా ఆ తెల్ల వెంట్రుకలాయన నన్ను అక్కా అంటే, పెండ్లికొడుకు అన్నం పక్కన పెట్టి చూసినాడు."

అందరం నవ్వాం. మునిరత్నం గారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

విమల ఆ వరస అంతా చెప్పింది. ముందు చేరిన మగవాడు సిహింగ్, వెనక చేరినవాడు సిదై. ముందు చేరిన ఆడమనిషి సిజే, వెనక చేరినామె సిముయ్. గురువుకు ముందు చేరినవాడు సిబాక్, వెనక చేరినవాడు సిసుక్, మన పెద్దనాన్న, చిన్నాన్నల్లాగా. అన్నకూ తమ్ముడికీ వేరు మాటలున్న ఇళ్లలో పుట్టినవాళ్లం కనక ఆ మాటలు ఇక్కడ సులువుగానే నాటుకున్నాయి. కొలత మాత్రం వేరు. మనకు పుట్టిన రోజు, వాళ్లకు గుమ్మం దాటిన రోజు.

నేను నా పాత కాగితాలు తీసి చూసుకున్నాను. ఆయన ఇచ్చిన జవాబులన్నీ సరైనవే.

"మరి దాసు ఎందుకు రావడం లేదు?" అని అడిగాను.

విమల సరోజమ్మ వైపు చూసింది. సరోజమ్మ తల దించుకుని, "జెప్పు, జెప్పు, దాచేదేముంది" అన్నారు.

సిఫు పోయాక ఆయన కుర్చీలో మొదటి శిష్యుడు కూర్చోవాలి. అది దాసు. దాసుది ఊరి బయటి దళితుల కాలనీ. షెడ్డు మునిరత్నం గారిది. పదహారో రోజున అందరూ షెడ్డులో చేరారు. అప్పుడు గోవిందస్వామి గుమ్మంలో నిలబడి, "కాలనీవాడు మన షెడ్డులో కుర్చీ ఎక్కితే మనం యాడ కూర్చోవాల?" అన్నారు. మునిరత్నం గారు ఏమీ అనలేదు. దాసు గురువు పటానికి దండం పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత మునిరత్నం గారే క్లాసు నడిపారు గానీ ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. నిలబడే నేర్పేవారు.

"ఆ దినం అన్నం తినలా" అన్నారు సరోజమ్మ. "ఏమయిందంటే ఏం లేదన్నాడు. ఏడేండ్లూ ఏం లేదనే అన్నాడు."

విమల అక్కడి నుంచే దాసుకు ఫోను చేసి, స్పీకరు పెట్టింది.

"సిహింగ్, ముని సిహింగ్ నిన్ను పిలస్తా ఉండాడు."

"ఎవురు పిలస్తా ఉండేది? ఆయనా, మీరా?"

"ఆయనే."

"మాట పోయిందన్నారు గదమ్మా." అటు నుంచి లారీ ఇంజను చప్పుడు వినిపిస్తోంది. తర్వాత అది ఆగింది. "నేను ఆస్పత్రికి ఒకతూరి వచ్చినా. గేటు కాడ పెద్దాయన ఉండాడు. తిరుక్కోని వచ్చేసినా. ఆయన నోటితో పిలిస్తే వస్తా. చిన్నోడు పిలవందే పెద్దోడు పలకరాదు. అది సిఫు పెట్టిన పద్ధతి, నేను పెట్టింది కాదు."

ఫోను మునిరత్నం గారి నోటి దగ్గర పెట్టాను. రెండు నెలలుగా ఆయన అంటూ వచ్చిన మాట అది. అప్పుడు రాలేదు. కావాలని అనబోతే రాకపోవడమే ఈ జబ్బు. పెదవులు కదిలాయి, మొహం ఎర్రబడింది. మేము క్యూ ఇస్తాం, అంటే మాటలో మొదటి చప్పుడు అందిస్తాం. "సి" అన్నాను. రాలేదు.

"ఉండానమ్మా. తొందర లేదు" అన్నాడు దాసు.

క్లాసు ఎలా మొదలవుతుందని విమలను అడిగాను. పది దాకా లెక్క, తర్వాత సిఫుకు దండం, ఆ తర్వాత సిహింగ్‌కి దండం అని చెప్పింది. మొదలుపెట్టి సిఫు దగ్గర ఆపేయమన్నాను. ఆమె నిటారుగా నిలబడి గట్టిగా "యాత్" అంది. ఆయన అందుకున్నారు. ఇద్దరూ పది దాకా వెళ్లారు. ఇద్దరూ "సిఫు" అన్నారు. ఆమె ఆగింది.

"సిహింగ్" అన్నారు మునిరత్నం గారు.

"వస్తా ఉండా సిదై" అని దాసు ఫోను పెట్టేశాడు.

శుక్రవారం వచ్చాడు. నీళ్ల లారీ ఎదురు వీధిలో పెట్టి, ఖాకీ చొక్కాతో, చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చాడు. మునిరత్నం గారు కర్ర పట్టుకుని లేచారు. కూర్చోమని సరోజమ్మ అన్నా కూర్చోలేదు. ఎడమ చెయ్యి కర్ర మీద ఉంది కనక గడ్డంతో నా కుర్చీ వైపు చూపించారు. గదిలో చేతులున్న కుర్చీ అదొక్కటే.

"అది డాక్టరమ్మది సిదై" అన్నాడు దాసు.

నేను లేచి పక్కకు వచ్చాను. ఆయన చూపు మార్చలేదు. కాలు వణుకుతోంది.

"సరి, సరి. కూర్చుంటా. నువ్వు పడిపోతే నీ పెండ్లాం నన్ను తంతాది." దాసు కూర్చున్నాడు. అప్పుడు మునిరత్నం గారు కూర్చున్నారు.

ముందు దాసే మాట్లాడాడు. "షెడ్డులో జోంగ్ మీద బట్టలారేస్తా ఉండారంట గదా?" జోంగ్ అంటే చేతుల్లాగా మూడు కర్రలు దిగేసిన మొద్దు, దాన్ని కొట్టి సాధన చేస్తారు.

"వానాకాలం యాడ ఆరెయ్యాల నాయనా? మూడు చేతులుండాయి దానికి, ఒకటిగూడా పని చెయ్యదు" అన్నారు సరోజమ్మ. దాసు నవ్వాడు. మునిరత్నం గారు నవ్వుతూ ఉండగానే ఏడ్చారు.

ఆ రోజు నుంచి నవంబరు చివరి దాకా దాసు ప్రతి శుక్రవారం వచ్చాడు. ఆ వారాల్లో మునిరత్నం గారికి పన్నెండు మాటల దాకా తిరిగి వచ్చాయి. "సరోజ" అన్న మాట అందులో ఒకటి. ఆయన అడుగుతున్నది ఏమిటో కూడా స్పష్టమైంది. ఫోటోలో గురువు కుర్చీ మీద వేలు పెట్టి, దాసు మీద పెట్టి, "షెడ్డు" అనేవారు. దాసు కూర్చోవలసింది నా కుర్చీలో కాదు.

సరోజమ్మ బావగారిని అడిగారు. "వానికి బాగైనాక చూస్తాం" అన్నారు పెద్దాయన. ఆమె కొన్నాళ్లు ఆగి, ఇక అడగకుండా తనే ఒక ఆదివారం ఖాయం చేశారు. షెడ్డు కడిగించారు. జోంగ్ మీది బట్టలు తీయించారు. విమల పాత శిష్యులకు ఫోన్లు చేసింది. ఆ ఆదివారానికి ముందు గురువారం తెల్లవారుజామున మునిరత్నం గారికి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి తెచ్చేలోపే పోయారు.

నేను కనకమ్మసత్రం వెళ్లాను. శిష్యులు ఇంట్లోకి రాలేదు. వీధిలో, రోడ్డు అంచున, చేరిన వరసలో నిలబడ్డారు. మొదట దాసు. అతని పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలారు. తర్వాత ఇంకొందరు, విమల, ఆమె పక్కన తల నెరిసిన పోస్టుమాన్. పెద్దాయన బయటికి వచ్చి చాలాసేపు ఆ వరసనే చూశారు. దాసు దగ్గరికి వెళ్లి, "ఎండలో ఎందుకు, లోపలికి రా" అన్నారు.

"ఉండనీయ్యా, ఇక్కడే బాగుండాది" అన్నాడు దాసు.

ఆగస్టుకూ అక్టోబరుకూ మధ్య, నేను ఇంటూలు వేసిన రోజుల్లో, ఎన్నో ఆదివారాలు ఉన్నాయి. ఆ రోజుల్లో ఆయన కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేవారు.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతిలో ఒకటి మారింది. రోగి ఒకే తప్పును మూడుసార్లు ఒకేలా చేస్తే ఇంటూ వేయడం ఆపి, ఆ మనిషి ఏ లెక్క ప్రకారం జవాబు చెబుతున్నాడో కనుక్కుంటాను. ఇంటివాళ్లను మాత్రమే అడగను. రోగితో కలిసి పని చేసినవాళ్లను, కలిసి నేర్చుకున్నవాళ్లను కూడా పిలిపిస్తాను. చాలాసార్లు అందులో ఏమీ దొరకదు. అయినా పిలిపిస్తాను.

పోయిన ఏడాది తిరుత్తణి వెళ్తూ కూడలి దగ్గర దాసును చూశాను. లారీకి నీళ్లు పడుతున్నాడు. మళ్లీ క్లాసు పెట్టవచ్చు కదా అన్నాను. పెద్దాయన కూడా ఇప్పుడు షెడ్డు తీసుకోమంటున్నారని సరోజమ్మ చెప్పారన్నాను.

"షెడ్డుంటే చాలదమ్మా" అన్నాడు. "నా ఎనక చేరినోడు ఆయన. ఆయన లేకుండా నేను ఎవురికి పెద్ద?"

షెడ్డులో ఇప్పుడు పీవీసీ పైపులు పెట్టారు. విమల టైలరింగ్ మాత్రమే చేస్తోంది. కనకమ్మసత్రంలో ఇప్పుడు తనకంటే చిన్నవాణ్ణి ఎవరూ అన్నా అని పిలవరు.